ఊఁ కొట్టించే మాట

(అనంతపురంలో డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకూ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారికీ ఏర్పాటు చేసిన శిక్షణ శిబిరంలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. నిర్వాహకులు నాకు ఇచ్చిన కాగితంలో ‘సభలో మాట్లాడటం’ అని ఒక అంశం, ‘మనుషులతో మాట్లాడటం’ అని ఇంకొక అంశం రాసి, ఒక్కొక్కదానికి అరగంట కేటాయించారు. ఆ విభజనను నేను పాటించడం లేదు, మన్నించండి. ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన అనుభవంతో నాకు తోచింది ఏమిటంటే, ఎదుటివారు ఎక్కడ ఊఁ కొట్టారో, ఎక్కడ మానేశారో గమనించే అలవాటు ఉన్నవారికి వేదిక మీదా మాట వస్తుంది, వేదిక కిందా వస్తుంది. ఆ అలవాటు లేనివారికి ఎన్ని మెళకువలు నేర్పినా రెండు చోట్లా రాదు. ఈ పూట నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. ఎండాకాలం రాత్రులు మిద్దె మీద చాపలు పరుచుకుని పడుకున్నప్పుడు అవ్వ కథ చెప్పేది. మనం ఊఁ అంటూ ఉంటేనే కథ ముందుకు సాగేది. ఊఁ ఆలస్యమైతే అవ్వ ఆగి, చెప్పిన మాటనే మరో రకంగా చెప్పేది. అసలు రాకపోతే మిగతా కథ రేపటికి దాచుకునేది. బడి మొహం చూడని ఆ ముసలమ్మకు శ్రోతను చదవడం తెలుసు. బుర్రకథలో ఇదే పనికి ఏకంగా మనుషులను నియమించారు. నడుమ తంబురా పట్టిన కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. కథకుడు ఒక మాట అనగానే ‘ఆహా’ అనేదీ, ‘అదెట్లా?’ అని అడిగేదీ వారే. ఎదుట కూర్చున్న వేయిమంది మనసులో మెదిలే సందేహాన్ని వంత పైకి అడుగుతాడు, కథకుడు జవాబు చెబుతాడు. మీరు ఒంటరిగా వేదిక ఎక్కినప్పుడు పక్కన వంత ఉండడు కాబట్టి, ఆ ‘అదెట్లా?’ అనే ప్రశ్నను మీ మనసులో మీరే వేసుకుంటూ మాట్లాడాలి.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, ఒక అవమానం వల్ల తెలిసింది. 1986లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన పదవీ విరమణ సభలో నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. వయసు వేడి, చేతినిండా పద్యాలు. ఆయన గుణగణాల దగ్గర మొదలుపెట్టి, గురువు ఎట్లా ఉండాలో చెప్పి, నేను చదువుకున్న రోజుల్లోకి వెళ్లి, తిరిగి వచ్చేసరికి ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి. ఆ పెద్దాయనది రాయదుర్గం వైపు పల్లె, ఆ దారిన చివరి బస్సు వెళ్లే వేళ అయింది. ఆయన రెండుసార్లు గోడ గడియారం వైపు చూశారట. నేను మాత్రం చూడలేదు. నేను కూర్చునేసరికి ఆయన లేచి, శాలువా మడత విప్పకుండానే చంకన పెట్టుకుని, అందరికీ ఒక నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజు అందరూ వినవలసింది ఆయన మాట. అది ఎవరూ వినలేకపోవడానికి కారణం నేను. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు. అప్పటినుంచి చప్పట్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

ఇక భయం సంగతి. శిబిరాల్లో మొదట అడిగే ప్రశ్న ఇదే: ‘సార్, లేచి నిలబడగానే గుండె దడదడలాడుతుంది, ఏం చేయాలి?’ పొలం గట్టు మీద పాము కనిపించినప్పుడు శరీరం చేసుకునే ఏర్పాటునే జనాన్ని చూసినప్పుడూ చేసుకుంటుంది. అడ్రినలిన్ రక్తంలోకి దిగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది, వేళ్లు వణుకుతాయి. దీన్ని పూర్తిగా పోగొట్టుకోవాలని చూడకండి. నాకు ఇప్పటికీ పోలేదు. తెలుసుకోవలసింది వేరే ఉంది. మన లోపలి అలజడి ఎదుటివారికి అద్దంలో కనిపించినంత స్పష్టంగా కనిపిస్తోందని మనం అనుకుంటాం. థామస్ గిలోవిచ్, కెనెత్ సావిట్‌స్కీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ సహచరురాలితో కలిసి 1998లో ఇది చాలావరకు మన భ్రమేనని ప్రయోగాలతో చూపారు. 2003లో ఆ ఇద్దరే మరో అడుగు ముందుకు వేశారు. ప్రసంగించబోయే విద్యార్థుల్లో కొందరికి ముందుగానే ‘మీ కంగారు మీరు అనుకున్నంతగా బయటికి కనిపించదు’ అని వివరించారు. ఆ మాట విన్నవారు విననివారి కంటే మెరుగ్గా మాట్లాడారని శ్రోతలు కూడా తేల్చారు. కాబట్టి మీకూ ఆ మాట ఇప్పుడు చెప్పేశాను.

చేతులు వణికేవారు పలుచటి కాగితం పట్టుకోకూడదు, వణుకు కాగితం చివర రెట్టింపై కనిపిస్తుంది. పెళ్లి పత్రిక వెనుక అట్ట మీద నాలుగు ముక్కలు రాసుకోండి. లేవబోయే ముందు మూడు నాలుగు సార్లు ఊపిరి నింపాదిగా, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపినా చెప్పగలిగేటట్టు నోటికి రావాలి. మిగతాదంతా బట్టీ పట్టకండి. బట్టీ పట్టినవాడికి మధ్యలో ఒక ముక్క జారిపోతే తరువాతది దొరకదు. విషయం వరుస తెలిసినవాడు ఒక మాట మరిచిపోయినా ఇంకొక మాటతో దారి పట్టగలడు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం, అంటే ప్రసంగాన్ని తయారు చేసుకోవడానికి. మీలో వ్యవసాయ శాఖలో చేరినవారు ఉన్నారని విన్నాను కనుక మన జిల్లా పంటనే తీసుకుంటాను. కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో, రచ్చకట్ట దగ్గర, వేరుశనగ రైతుల ముందు ఒక కుర్రవాడు మాట్లాడుతుంటే విన్నాను. చదువుకున్నవాడు, విషయం తెలిసినవాడు. కాల్షియం అంటే ఏమిటి, నేలలో దాని పాత్ర ఏమిటి, లోపిస్తే కలిగే పరిణామాలు ఎన్ని రకాలు అని పాఠ్యపుస్తకం వరుసలో చెప్పుకుంటూ పోయాడు. పది నిమిషాలకు ముందు వరుసలో ఒకాయన బీడీ ముట్టించాడు, ఇంకొకాయన పక్కవాడితో బోరు మోటారు గురించి మొదలుపెట్టాడు. కుర్రవాడు చివరికి ‘కాబట్టి జిప్సం వాడాలి’ అని ముగించేసరికి ఆ మాట వినడానికి ఎవరూ మిగలలేదు.

ఆ సమాచారాన్నే తిరగేసి చూడండి. రైతుకు కనిపించేది తాలు కాయ. అక్కడ మొదలుపెట్టాలి. ‘చెట్టు పచ్చగా, గుబురుగా ఉండి, పీకి చూస్తే కాయలో గింజ లేకపోవడం మీలో ఎంతమంది చూశారు?’ అని అడిగితే చేతులు లేస్తాయి. ‘మిగతా చెట్లకు వేరు తిండి పెడుతుంది, వేరుశనగలో కాయకు కావలసిన సున్నపు సత్తువను, అంటే కాల్షియాన్ని, పూత నుంచి నేలలోకి దిగిన ఊడ, కాయ తామే చుట్టూ ఉన్న మట్టి నుంచి తీసుకుంటాయి’ అంటే, అదెట్లా అన్నట్టు వారు ముందుకు వంగుతారు. అప్పుడు ‘అందుకే ఊడలు దిగే అదునుకు, ఆ సత్తువ ఉన్న జిప్సం ఎకరాకు 200 కిలోలు, అంటే యాభై కిలోల బస్తాలు నాలుగు, తేమ ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర పడేటట్టు వేసి మట్టి ఎగదోయండి’ అని చెబితే, ఇంటికి వెళ్లేటప్పుడు వారికి నాలుగు బస్తాలు గుర్తుంటాయి. ఇందులో నేను కొత్తగా చేర్చిన విజ్ఞానం ఏమీ లేదు. కుర్రవాడు తనకు తెలిసిన వరుసలో చెప్పాడు, నేను రైతుకు ఎదురయ్యే వరుసలో పెట్టాను. మీ అంశం ఏదైనా సరే, కలం పట్టుకునే ముందు ఒక్క వాక్యం రాసుకోండి: నా మాట విని లేచినవారు ఏమి చేయాలి, లేదా ఏమి అనుకోవాలి? ఆ వాక్యం రాయలేకపోతే మీరు ఇంకా మాట్లాడటానికి సిద్ధంగా లేరని అర్థం. రాయగలిగితే, దానికి పనికిరాని ప్రతి పద్యాన్నీ, ప్రతి పిట్టకథనూ నిర్దాక్షిణ్యంగా తీసేయండి. పద్యాలు తీసేయమని తెలుగు మాస్టారు చెప్పడం మీకు విడ్డూరంగా ఉండవచ్చు. రాయదుర్గం బస్సు నాకు ఆ బుద్ధి చెప్పింది.

గొంతు విషయం క్లుప్తంగా చెబుతాను. మైకు నోటికి బెత్తెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. తిన్నగా ఎదురుగా పెట్టుకుంటే ప, భ వంటి అక్షరాల గాలి తగిలి టపటపలాడుతుంది. మైకు చేత పట్టుకుని స్పీకరు పెట్టె ముందుకు వెళితే, పెట్టెలోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులో దూరి కీచుమంటుంది. మైకు మీద వేలితో కొట్టడం, ఊదడం అవసరం లేదు. సభ మొదలవ్వక ముందే వచ్చి చూసుకుంటే సరిపోతుంది. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ఆలోచించుకోండి. మన తాడిపత్రిలో 1880లో పుట్టి, బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ మహానటుడైన బళ్లారి రాఘవ, నాటకమంటే పద్యానికి రాగం తీయడమేనని జనం అనుకునే కాలంలో, రాగం తగ్గించి భావం తెలిసేటట్టు సహజంగా పలకాలని పట్టుబట్టారు. మన ఉపన్యాసకులు చాలామంది ఇప్పటికీ ఆ రాగం వదల్లేదు. ప్రతి వాక్యం చివర గొంతు పెంచి, చప్పట్ల కోసం ఆగుతారు. గొంతు పెంచడం కంటే ఆగడం నేర్చుకోండి. ముఖ్యమైన మాట చెప్పి రెండు క్షణాలు మౌనంగా ఉంటే అది లోపలికి దిగుతుంది. ఆ రెండు క్షణాలు మీకు రెండు నిమిషాల్లాగా అనిపిస్తాయి, ఓర్చుకోండి.

ఇక్కడ ఒక తప్పుడు లెక్కను సరిదిద్దాలి, ఎందుకంటే ఇటువంటి శిబిరాల్లో అది గోడల మీద కూడా కనిపిస్తుంది. మాట ప్రభావంలో పదాలది 7 శాతమే, గొంతుది 38, ముఖకవళికలది 55 అంటారు. ఇది ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే ఆచార్యుడు 1967లో ప్రచురించిన రెండు చిన్న అధ్యయనాల నుంచి వచ్చింది. అక్కడ విడివిడి పదాలను రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల బొమ్మలు చూపి, చెప్పేవారికి ఎదుటివారి మీద ఇష్టం ఉందా లేదా అన్నది శ్రోతలు ఎలా పోల్చుకుంటారో పరీక్షించారు. పదం ఒకటి చెబుతూ ముఖం ఇంకొకటి చెబితే మనం ముఖాన్ని నమ్ముతామన్నది అందులోని సారం. ఈ లెక్క అన్ని మాటలకూ వర్తించదని ఆయనే చెప్పుకున్నారు. పదాల విలువ 7 శాతమే అయితే నాలుగు బస్తాల జిప్సం సంగతి చేతులు ఊపి చెప్పి చూడండి.

యాస గురించి అడగకుండానే చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది అడగడానికి సిగ్గుపడతారు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి, కల్యాణదుర్గం వైపు పల్లె నుంచి వచ్చినది, ఒక ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఎందుకంటే’ అనడానికి బదులు ‘ఏంటికంటే’ అన్నందుకు ఎదుట కూర్చున్నవారిలో ఒకరు నవ్వారట. ఆ తరువాత ఆమె తెలిసిన జవాబులు కూడా చెప్పలేకపోయింది. ఆ నవ్వినాయన పేరు నాకు తెలియదు, తెలిసినా చెప్పను. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండి కూడా ఆయనకు అందలేదు, అది ఆయనకే నష్టం. నా అభిప్రాయం ఇది. పత్రికల భాష, సభల భాష నేర్చుకోండి, అది అందరికీ కావలసిన ఉమ్మడి దారి. దాన్ని నేర్చుకోవడానికి ఇంట్లో మాటను వదులుకోవలసిన పని లేదు. రచ్చకట్ట దగ్గర ‘ద్రవ్యం’ అనేవాడి కంటే ‘దుడ్లు’ అనేవాడి మాటే రైతు వింటాడు. యాస వల్ల మాట చెడదు. పదాల చివరలు మింగేయడం వల్ల చెడుతుంది, తొందర వల్ల చెడుతుంది.

వేదిక దిగుదాం. నా పాత విద్యార్థి ఒకడు పనిచేసే కార్యాలయానికి ఒకసారి వెళ్లాను. కౌంటరు ముందు ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులో కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ‘దుడ్లు పడలేదప్పా’ అన్నారు. మా వాడు కంప్యూటరు వైపు చూస్తూనే ‘పడింది, చూసుకోండి’ అన్నాడు. ‘పడలేదప్పా, మూడుతూర్లు బ్యాంకుకు పోయొస్తి.’ ‘ఇక్కడ సక్సెస్ అని చూపిస్తోంది కదా.’ ఇట్లా నాలుగు విడతలు సాగింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరికీ కోపం పెరుగుతోంది. పక్క బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని లేచి వచ్చి అడిగింది: ‘తాతా, ఈ బ్యాంకులో కాకుండా ఇంకోచోట బుక్కేమన్నా తీసింటివా?’ ఆయన కాసేపు ఆలోచించి, ‘ఉపాధి పనికి పోయేటప్పుడు పోస్టాఫీసులో తీపిచ్చిరి’ అన్నారు. అయిపోయింది. ప్రభుత్వం ఆధార్ ద్వారా వేసే డబ్బు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌కు చివరగా జతపడిన ఖాతాలోకి వెళుతుంది. ఆయన డబ్బు పోస్టాఫీసు ఖాతాలో ఉంది, ఆయన చూసుకుంటున్నది బ్యాంకు పుస్తకంలో.

మా వాడికి ఆ నియమం తెలియక కాదు, ఆమె కంటే బాగానే తెలుసు. తేడా ఎక్కడుందో గమనించండి. ‘పడలేదు’ అన్న మాటను అతడు తన పని మీద నింద అనుకుని జవాబు చెప్పాడు. ఆమె అది ఒక సమాచారం అనుకుని, అది నిజమే అయితే ఇంకేం జరిగి ఉండాలి అని ఆలోచించింది. ఎదుటివారు ఒకే మాటను రెండోసారి చెబుతున్నారంటే మొదటిసారి మీరు వినలేదని వారి నమ్మకం. మూడోసారి మీరూ మీ జవాబునే తిప్పి చెప్పకుండా, వారి మాటను వారికే అప్పజెప్పండి: ‘మీరు మూడుసార్లు బ్యాంకుకు వెళ్లారు, అక్కడ పడలేదన్నారు, అంతేనా?’ వారు ‘ఊఁ’ అంటారు. ఆ ఊఁ పడిన తరువాత మీరు కాదన్నా సరే వింటారు. సాధ్యం కాని పనిని కాదని చెప్పవలసి వచ్చినప్పుడు ‘చూద్దాం లెండి, రేపు రండి’ అనకండి. ముప్పై కిలోమీటర్లు బస్సెక్కి వచ్చినవారికి ఆ మర్యాద ఒక రోజు కూలి ఖరీదు. ‘ఇది ఇక్కడ కాదు, ఫలానా చోట అవుతుంది, ఈ కాగితం తీసుకుని వెళ్లండి’ అని చెప్పడం కటువుగా ఉన్నా మేలు.

సభలో అడ్డు ప్రశ్నలు వేసేవారి సంగతికి కూడా మనవాళ్ల దగ్గరే పాఠం ఉంది. పక్క జిల్లాలోని ప్రొద్దుటూరు గడియారం వేంకట శేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని వంటివారు అవధానాలతో పేరు తెచ్చిన ఊరు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, అవధానిని ఒకేసారి పరీక్షిస్తారు. ఒకరు పద్యంగా పూరించమని సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, అంటే పద్యంలో ఇమడ్చవలసిన పదాలు, ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. వీటి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు సందర్భం లేని మాటలతో అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడానికే కూర్చుంటాడు. అవధాని ఆయన మీద కోప్పడడు, ఆయనను పట్టించుకోకుండానూ ఉండడు. ఒక్క చమత్కారంతో సభను నవ్వించి, ఆపిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. చూడవలసింది ఆ తిరిగి రావడాన్ని. మీ సభలో ఎవరో లేచి ‘మా ఊరి రోడ్డు సంగతి ఏమిటి?’ అంటే, రోడ్డు మీద చర్చ పెట్టకండి, కూర్చోమని గద్దించకండి. ‘ఆ రోడ్డు మీదే వచ్చాను, నడుము ఇంకా నొప్పిగానే ఉంది, అర్జీ రాసుకుందాం, సభ కాగానే నన్ను కలవండి’ అని చెప్పి మీ విషయంలోకి రండి. సభ కాగానే తప్పక కలవండి, లేకపోతే వచ్చే నెల సభకు ఆయనొక్కడే కాదు, ఊరంతా రోడ్డు గురించే అడుగుతుంది.

అభ్యాసానికి పెద్ద ఖర్చు లేదు. అమెరికాలోని శాంటా అనా పట్టణంలో 1924లో రాల్ఫ్ స్మెడ్లీ ప్రారంభించిన టోస్ట్‌మాస్టర్స్ సంఘాల పద్ధతిలో మనకు పనికివచ్చేవి కొన్ని ఉన్నాయి. అక్కడ ఒకరు గడియారం చూస్తూ పచ్చ, పసుపు, ఎరుపు రంగులతో గడువు తెలుపుతారు. ఒకరు వక్త ఎన్నిసార్లు ‘ఆఁ’, ‘ఊఁ’ అని నసిగాడో లెక్కపెడతారు. ఒకరు బాగున్నదేమిటో, మారవలసిందేమిటో చెబుతారు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడిస్తారు. మనం లెక్కపెట్టవలసినవి ‘అంటే’, ‘మరి’, ‘ఏమంటే’. ఎనిమిది మంది మిత్రులు, వారానికి ఒక సాయంత్రం, ఒక వేపచెట్టు నీడ ఉంటే ఇది మన పల్లెల్లోనూ జరుగుతుంది. ఒంటరిగా ఉన్నవారు ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి ఆ గొంతు మీది కాదేమో అనిపిస్తుంది; మామూలుగా మన గొంతు మనకు గాలి ద్వారానే కాక తల ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కనుక, రికార్డులో ఆ రెండోది లేక పలుచగా ఉంటుంది. జనం వినేది మాత్రం ఆ గొంతునే, అలవాటు పడండి.

నాకు ఇచ్చిన సమయంలో ఇంకా పావుగంట ఉంది, దాన్ని నేను వాడుకోను. ఈ గడియారాన్ని ముందు వరుసలో ఉన్న మీకు ఇస్తున్నాను. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, ఒకటిన్నర కాగానే చెయ్యి ఎత్తండి. మీ పక్కనున్నవారు ‘అంటే’లు లెక్కపెడతారు. అంశం: మీ ఊరి నుంచి ఈ హాలు దాకా ఎలా వచ్చారు? కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయీ, ఇందాకటి నుంచి మీరు మూడుసార్లు ఊఁ కొట్టారు, రెండుసార్లు మానేశారు. మీతోనే మొదలుపెడదాం. ఎక్కడ ఎందుకు మానేశారో అది కూడా కలిపి చెప్పండి.